పద్దెనిమిది వేల రూలు

కల్వకుర్తి దాటినంక ఎడమ దిక్కు ఒక కమాను.
పేరు రాసిన అక్షరాలు ఎప్పుడో రాలినయి.
లోపల తారు రోడ్డు, హద్దురాళ్లు, నంబర్లు,
ఒక్క ఇల్లు లేదు.
కొన్నోళ్లు కోర్టుల తిరుగుతున్నరు,
అమ్మినోడు ఏ ఊర్ల ఉన్నడో.
మాకు మటుకు అది సీదా తొవ్వ:
నలభై ఒకటో ప్లాటు కాడ మొదలు,
అరవై మూడో ప్లాటు కాడ ఖతం.

రెండు బండ్లు పక్కపక్కన.
నీకింత ముందు, నాకింత ఎనక అనేది లేదు.
మణెమ్మ తువ్వాల కిందికి దించితే
ఎవడు ముందు పోతే వాడే.

నిరుడు ఒకాయన లక్షన్నర పోసి
బయటి దేశం కార్బరేటరు తెచ్చిండు.
డబ్బు ముందు పోయింది, బండి ఎనక వచ్చింది.
పద్నాలుగు బండ్లు నెల తిరిగేసరికి ఐదైనయి.
ఆ ఐదుగురం నా షాపుల తాడుపత్రి కింద కూసొని
పత్తి మిల్లు కాంటా చీటీల ఎనక రూళ్లు రాసినం.

హెల్మెటు లేనోడు కమాను బయటనే.
టైరు మన బజార్ల దొరికేదే, పెట్రోలు బంకుదే.
బండీ మనిషీ కలిసి నూట తొంభై కిలోలకు తగ్గొద్దు,
తగ్గితే సీటు కింద ఇసుక సంచి.
కాంటా మణెమ్మది, ఆమె మాటకు అప్పీలు లేదు.

ఇంజను కాడ ఆగిపోయినం.
ఇప్పి చూసెటోడు ఎవరు?
ఊరికి మెకానిక్‌ను నేనే, పోటీల ఉన్నోణ్ణీ నేనే.
కురుమయ్య ముసిముసిగ నవ్విండు.
అప్పుడు రాసిన, నా చేతితోనే:
గెలిచినోని ఇంజను, ఓడినోడు అడిగితే,
అక్కడనే, ఆ పూటనే,
పద్దెనిమిది వేలకు ఇయ్యాలె.
లోపల బంగారం పెట్టుకో, ఎవడూ చూడడు.
అమ్మే ధర ఒక్కటే.

అందరు చప్పట్లు కొట్టిన్రు.
నాకు నేనే తెలివిగల్లోన్నని అనిపించింది.

నా ఇంజనుకు పైసలు తొమ్మిది వేలే అయినయి.
జడ్చర్ల పాత సామాన్ల కుప్పల దొరికిన సిలిండరు.
గానీ పదకొండు రాత్రులు
వెదురు పుల్లకు గరుకు కాయితం చుట్టి
గాలి పోయే దారి నున్నగ చేసిన.
పిల్లలు నిద్రపోయినంక, కరెంటు ఉన్నంత సేపు.
రాత్రులకు రూల్ల గడి పెట్టలే.

ఆదివారం. ఎండ ఇంకా లేవలే.
పంచరు షాపు సైదులు, బక్క పోరడు,
పన్నెండు కిలోల ఇసుక కట్టుకొని నా పక్కన నిలబడ్డడు.
తువ్వాల పడ్డది.
యాభయ్యో రాయి దాక ఇద్దరం ఒకటే చప్పుడు,
తర్వాత వాని చప్పుడు నా ఎనక.

గెలిచిన. తిరిగొచ్చి హెల్మెటు తీస్తున్న.
సైదులు జేబుల నుంచి రబ్బరుబ్యాండు కట్ట తీసిండు.
నూర్లు, యాభైలు, కొన్ని పదులు.
"మామా, అడుగుతున్న."

ఎవడూ మాట్లాడలే.
కురుమయ్య రోడ్డు చూస్తున్నడు.
చీటీ మణెమ్మ కొంగున ఉంది, తీయనక్కర రాలేదు.
నా స్పానరుతోనే నాలుగు బోల్టులు ఇప్పిన.
వాని నోట్లు పంచరు బంక వాసన.
లెక్కపెట్టలే, లెక్కపెడితే ఏడ్చెటోణ్ణేమో.
పొట్ట లేని బండిని
ప్లాటు నంబర్లు చదువుకుంట తోసుకొచ్చిన.

మూడు వారాలైనంక వచ్చిండు.
"మూడో గేరుల పొగ పెడుతుంది మామా."
"ఇప్పినవా?"
"లే... లోపల ఏముందో చూద్దామని ఒక్కసారి.
మల్ల బిగించిన."

మజూరి ఎంతని అడిగిండు.
గోడకు అంటించిన రూళ్లు చూసిన,
మజూరి మాట ఏడా లేదు.
లైటు దగ్గరికి గుంజి కూసోమన్న.
అప్పుడు అంగీ జేబుల చెయ్యి పెట్టి
రెండు వాషర్లు తీసి
నా అరచేతుల పెట్టిండు,
"ఇవి మిగిలినయి."